వియన్నాలో గుండీల మ్యూజియం

ఎటోబికో, కెనడా,
మే 5, సోమవారం.

గౌరవనీయులైన కాశీవిశ్వనాథం గారికి,

అడుగుజాడ ట్రావెల్స్ నుంచి సాత్విక నమస్కరించి రాస్తున్నది. మీరు ఈపాటికి వియన్నా చేరి, హోటల్లో స్నానం చేసి, కాఫీ కూడా తాగి ఉంటారని అనుకుంటున్నాను.

మీ శ్రీమతి సరోజన గారు మా ఆఫీసుకు ఫోన్ చేసినప్పుడు నేనే మాట్లాడాను. "మా ఆయన ఇక్కడ మా కేంబ్రిడ్జ్‌లో కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు కన్వేయర్ బెల్టులు బాగుచేశారమ్మా. రిటైరైన దగ్గర్నుంచి కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నారు. నా కుట్టుమిషన్ని ఇప్పటికి మూడుసార్లు విప్పారు. మనిషిని కాసేపు ఒకచోట నిలబెట్టే ఊరేదైనా ఉంటే పంపించండి" అన్నారు. మ్యూజియంలున్న ఊరైతే మనిషి నిలబడక తప్పదని నేనే వియన్నా చెప్పాను.

మా పద్ధతి మీకు తెలుసు. గుంపు ఉండదు, వెంట గైడు ఉండడు. హోటలూ టికెట్లూ మేం చూసుకుంటాం, కాళ్ళు మాత్రం మీవి. ఏ రోజు ఎక్కడికి వెళ్ళాలో, ఏది చూడాలో నేను తెలుగులో ఉత్తరం రాసి మెయిల్ చేస్తాను. మీరు ఫోన్ మాటలు నమ్మరని, ఏదైనా రాతలో ఉండాలంటారని మేడమ్ ముందే చెప్పారు.

ఇవాళ పెద్ద చిత్రాల మ్యూజియం. మేడ మీద, మంచులో వేట ముగించుకుని కుక్కలతో ఇంటికి తిరిగొస్తున్న మనుషుల చిత్రం ఒకటి ఉంటుంది. దాన్ని వదలకండి.

మీ యాత్ర సాఫీగా సాగాలని కోరుకునే,
సాత్విక

తా.క.: వియన్నా గురించి ఏ సందేహమున్నా మొహమాటం లేకుండా అడగండి. ఆ ఊరు నాకు అరచేతిలో ఉసిరికాయ.

*

వియన్నా,
మే 5, సోమవారం.

సాత్విక మేడమ్ గారికి,

కాశీవిశ్వనాథం రాస్తున్న సంగతులు. క్షేమంగా చేరాను. హోటల్ బాగుంది. మీరు చెప్పిన మ్యూజియానికి వెళ్ళాను. బాగా రద్దీగా ఉంది. మెట్లు ఎనభై ఆరు. వేటగాళ్ళ బొమ్మ చూశాను. కుక్కలు నీరసంగా ఉన్నాయి.

ఒక్క మనవి. మీ ఉత్తరంలో వివరం తక్కువ. కళ్ళతో చూసినవాడికి వివరం దేనికని మీరనవచ్చు. చూడటం వేరు, చూసింది చెప్పడం వేరు కదా. సాయంత్రం మా ఆవిడకు ఫోన్ చేస్తే "ఏం చూశారు?" అంది. "బొమ్మలు" అన్నాను. "ఏం బొమ్మలు?" అంది. "గోడ మీది బొమ్మలు" అన్నాను. "మన బాత్రూం టైల్సు మీద కూడా ఉంది హంస బొమ్మ. దానికోసం అంతదూరం వెళ్ళాలా?" అంది.

కాబట్టి రేపటి నుంచి ఏ గదిలో ఏ బొమ్మ, దాని పక్కన ఏది, కిటికీ ఎటు, కాపలా మనిషి ఎక్కడ కూర్చుంటాడు, అన్నీ విడమరిచి రాయగలరు. మీలాంటి అనుభవజ్ఞులు రాస్తే ఆ తీరే వేరు.

వివరాల కోసం ఎదురుచూసే,
కాశీవిశ్వనాథం

తా.క.: ఈ ఊళ్ళో విమానాలు మరీ కిందుగా ఎగురుతున్నాయి. కిటికీ అద్దాలు గడగడలాడుతున్నాయి. ఆ సంగతి మీరు రాయనే లేదు.

*

ఎటోబికో,
మే 6, మంగళవారం.

పెద్దలు కాశీవిశ్వనాథం గారికి,

తల వంచుకుని సాత్విక రాస్తున్నది. మీ ఉత్తరం చదివాక అనుమానమొచ్చి చూస్తే తెలిసింది: సోమవారం ఆ మ్యూజియానికి సెలవు! తప్పు నాదే. మూసిన తలుపుల ముందు నిలబడి కూడా నన్ను ఒక్క మాట అనకుండా "బాగా రద్దీగా ఉంది" అని చమత్కరించారు. "కుక్కలు నీరసంగా ఉన్నాయి" అన్నది కూడా నన్నుద్దేశించే అని అర్థమైంది. ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది.

ఒక్క ప్రార్థన. ఈ సంగతి మా ఓనరు మల్లికార్జున్ గారి దాకా తీసుకెళ్ళకండి. ఆయన ఈ నెలలో నా ఎంప్లాయ్‌మెంట్ లెటర్ మీద సంతకం పెట్టాలి. అది లేకపోతే, ఈ దేశంలో శాశ్వతంగా ఉండటానికి పెట్టుకున్న నా పీఆర్ ఫైలు కదలదు. "కాశీవిశ్వనాథం గారు మెచ్చుకుంట రివ్యూ రాస్తే సంతకం పెడ్త, లేకుంటే లేదు" అన్నారు.

ఇవాళ్టికి గోళాల మ్యూజియం చూడండి. భూగోళాలు, ఖగోళాలు వందల సంఖ్యలో ఉంటాయి. కొన్నింటి మీద కొన్ని దేశాలు ఉండవు, అప్పటికి వాళ్ళకు తెలియదు కాబట్టి. గది లోపలికి రాగానే ఎడమవైపు నుంచి మొదలుపెట్టండి. కిటికీలకు పరదాలు ఉంటాయి. కాపలా మనిషి కూర్చోడు, నిలబడే ఉంటాడు.

మీ దయ కోరుతూ,
సాత్విక

తా.క.: వియన్నాలో విమానాలు అంత కిందుగా ఎగరవండీ. మీరు చూసినవి బహుశా పావురాలు. అక్కడి పావురాలు కొంచెం పెద్దవి.

*

వియన్నా,
మే 7, బుధవారం.

సాత్విక మేడమ్ గారికి,

మీరేదో మనసులో పెట్టుకుని రాసినట్టు అనిపించి నాకు పొద్దుట్నుంచి కుదురు లేదు. గదిలో కిటికీ నుంచి తలుపు దాకా పదకొండు అడుగులు. ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు.

నేను చమత్కరించలేదు. మ్యూజియానికి సెలవన్న మాట నిజమే. కానీ అక్కడి కాపలా మనిషి నా తెల్లజుట్టు చూసి, "ఎంత దూరం నుంచి వచ్చారు పాపం" అని తలుపు తీశాడు. రద్దీ అని ఎందుకన్నానంటే, ఉన్నది ఆయనా నేనే అయినా ఇద్దరం పొడుగాటివాళ్ళం. గోళాలు కూడా చూశాను. మీరు చెప్పినట్టే గుండ్రంగా ఉన్నాయి.

అసలు సంగతి. మా ఆవిడ ఇంటి బేస్‌మెంటులో జాకెట్లు కుడుతుంది. కేంబ్రిడ్జ్, కిచెనర్ ఆడవాళ్ళందరి కొలతలూ ఆవిడ పుస్తకంలో ఉన్నాయి. నిన్న గోళాల గురించి ఐదు నిమిషాలు చెబితే మిషన్ తొక్కుతూనే వింది. చివరికి, "అన్ని మ్యూజియంలున్న ఊళ్ళో కుట్టుపనికి సంబంధించిందే లేదా? ఉంటే అది చూసి చెప్పండి, అప్పుడు వింటాను" అంది. అలాంటిదేమైనా ఉంటే వెంటనే రాయండి. పరువు సమస్య.

తొందరలో ఉన్న,
కాశీవిశ్వనాథం

తా.క.: మీరన్నది నిజమే, పావురాలే. ఇవాళ నిదానంగా చూశాను. ఒకదాని తోక మీద మన కెనడా మేపుల్ ఆకు గుర్తుంది.

*

ఎటోబికో,
మే 7, బుధవారం.

మహాశయులు కాశీవిశ్వనాథం గారికి,

సెలవునాడు మ్యూజియం తలుపులు తెరిపించుకున్న మీరు మామూలు మనిషి కారని నాకు అర్థమైంది. మీరెవరో అడగను. మీకు కావలసింది మాత్రం ఇస్తాను.

వియన్నా పాత ఊళ్ళో, పెద్ద చర్చి వెనక సందులో, పద్నాలుగో నంబరు ఇంట్లో గుండీల మ్యూజియం ఉంది. చాలామందికి తెలియదు. పుస్తకాల్లో కూడా రాయరు. మూడు గదుల నిండా గుండీలే. ఏనుగుదంతంవి, ఆల్చిప్పవి, వెండివి, చెక్కవి, సిపాయి కోటువి, పసిపిల్లల చొక్కావి. మూడో గదిలో ఒక రాణిగారి కోటు ఉంటుంది. దానికి నలభై ఒక్క గుండీలు. ఒకటి మాత్రం ఊడిపోయింది. మళ్ళీ కుట్టవద్దని రాణిగారే చెప్పారట. ఎందుకో ఎవరికీ తెలియదు.

నాకు ఇవాళ కాలేజీలో పరీక్ష. కాలేజీ ఉన్న ఒషావా నుంచి ఎటోబికోకు ఒక రైలు, రెండు బస్సులు. రైల్లో నిలబడి ఇది టైపు చేశాను. తప్పులుంటే మన్నించండి.

మీ విధేయురాలు,
సాత్విక

తా.క.: మీరు మా మల్లికార్జున్ గారికి చుట్టమా? అవును, కాదు అని ఒక్క ముక్క రాస్తే చాలు, ఇవాళ అన్నం తింటాను.

*

వియన్నా,
మే 8, గురువారం.

సాత్విక మేడమ్ గారికి,

చుట్టం కాను, హాయిగా భోంచేయండి.

గుండీల మ్యూజియం చూశాను. ఎంత గొప్ప చోటు చెప్పారండీ! రాణిగారి కోటు ముందు చాలాసేపు నిలబడ్డాను. గుండీ ఊడిన చోట దారం ముక్క ఇంకా వేలాడుతోంది. కాపలా మనిషి దాన్ని రోజూ మెత్తటి కుంచెతో దులుపుతాడట. ఆ గుండీ యుద్ధానికి వెళ్ళిన రాజుగారి జేబులో ఉండిపోయిందని ఆయన నాతో రహస్యంగా చెప్పాడు. మీకు కూడా ఈ సంగతి తెలిసి ఉండదు.

ఇదంతా మా ఆవిడకు ఫోన్‌లో చెబుతుంటే ఒక విచిత్రం జరిగింది. ఆవిడ మిషన్ ఆపింది. మా పెళ్ళయి ముప్ఫై ఆరేళ్ళు. నేను చెప్పే మాట మిషన్ ఆపి వినడం ఇదే మొదటిసారి. నేను ఆపగానే "ఊఁ, తర్వాత?" అంది. తర్వాత ఏముందో నాకే తెలియదు. రెండో గదిలో ఒక ముసలి దర్జీ బొమ్మ ఉందని, సూదిలో దారం ఎక్కిస్తూ ఉన్నాడని చెప్పాను. అలాంటిది ఉంది కదా? నేను చూసినట్టే గుర్తు.

"ఆ సందు పేరేమిటి? ఏ రోజుల్లో తెరుస్తారు?" అని అడిగింది. "ఎందుకు?" అన్నాను. "ఊరికే" అంది. మీ ఉత్తరం ఆవిడకు ఫార్వర్డ్ చేశాను. ప్రింటు తీసుకుందట.

మీకు ఎంతో రుణపడిన,
కాశీవిశ్వనాథం

తా.క.: ఈ ఊళ్ళో అల్లం టీ, సమోసా కూడా దొరుకుతున్నాయి. వడ్డించే ఆయనది జలంధర్. మనవాళ్ళు లేని చోటు లేదు.

*

ఎటోబికో,
మే 10, శనివారం.

కాశీవిశ్వనాథం గారికి,

ఎక్కడున్నా మీరు క్షేమంగా ఉండాలని దేవుడికి దండం పెట్టుకుని రాస్తున్నాను.

ఇవాళ ఆఫీసు మెయిల్లో చెత్తబుట్ట ఖాళీ చేస్తుంటే హోటల్ వాళ్ళ ఉత్తరం కనబడింది. మంగళవారం నాటిది. "మీరు పంపిన అతిథి రాలేదు, గది వేరేవాళ్ళకు ఇచ్చుకుంటాం" అని రాశారు. మీరు వెళ్ళకపోతే సెలవునాడు మ్యూజియం తలుపు తీసిందెవరు? గోళాలు చూసిందెవరు?

అన్నిటికన్నా ముందు ఇది చెప్పండి: గుండీల మ్యూజియం మీరెలా చూశారు? ఎందుకడుగుతున్నానంటే, అది లేదండీ. బుధవారం రైల్లో, యూనియన్ స్టేషన్ దాటాక, నా ముందు నిలబడ్డ ఆవిడ కోటుకు ఒక గుండీ లేకపోతే చూసి నేనే పుట్టించాను. సందు కూడా మ్యాపులో వేలు పెట్టి ఎంచుకున్నాను.

నిజం మొత్తం చెప్పేస్తాను. నాకు ఇరవై నాలుగేళ్ళు. మాది హుజూరాబాద్. వియన్నాలో మూడు నెలలున్నానని రెజ్యూమేలో రాసి ఈ ఉద్యోగం తెచ్చుకున్నాను. నేను చూసిన విదేశాలు రెండే. ఒకటి కెనడా. రెండోది దోహా ఎయిర్‌పోర్టు, అదీ ఐదు గంటలు.

మీరు నన్ను పరీక్షించడానికి వచ్చిన ఇన్‌స్పెక్టరని వారం రోజులుగా భయపడి చస్తున్నాను. అది కాదంటే మీకేదో ప్రమాదం జరిగి, మీ పేరుతో ఇంకెవరో రాస్తున్నారని భయం. రెండింట్లో ఏదో ఒకటి చెప్పండి అంకుల్. పొద్దుట్నుంచి ఒక్క కుర్చీలో కూర్చోలేకపోతున్నాను.

కంగారులో ఉన్న,
సాత్విక

తా.క.: దర్జీ బొమ్మ మాత్రం నేను రాయలేదు. అది మీదే. బాగుంది.

*

ఎటోబికో,
మే 11, ఆదివారం.

అమ్మాయి సాత్వికకు,

కాశీవిశ్వనాథం ఆశీర్వదించి రాస్తున్నది. పైన ఊరి పేరు చూశావుగా. నాకేం కాలేదు. పియర్సన్ ఎయిర్‌పోర్టుకు రెండు మైళ్ళ దూరంలో ఒక మోటెల్లో ఉన్నాను. వారం రోజులుగా ఇక్కడే.

ఆ ఆదివారం విమానానికి మూడు గంటల ముందే చేరాను. గేటు దగ్గర కూర్చోవాలి. నాకు కూర్చోవడం చేతకాదు. లేచి అటు నడిచాను. ఆ చివర, మనుషుల్ని మోసుకెళ్ళే బెల్టు ఒకటి ఆగిపోయి ఉంది. ఇద్దరు కుర్రాళ్ళు మూత విప్పి లోపలికి చూస్తున్నారు. వాళ్ళు చూస్తున్న వైపు తప్పు, అమ్మా. చప్పుడు వింటేనే తెలుస్తోంది, రోలర్ అవతలి పక్కన పట్టేసిందని. ఎలా ఊరుకోను? మోకాళ్ళ మీద కూర్చుని చూపించాను. బెల్టు కదిలింది. అందరూ చప్పట్లు కొట్టారు. తిరిగొచ్చేసరికి గేటు మూసేశారు. నా విమానం వెనక్కి జరుగుతోంది.

సరోజనకు ఏమని చెప్పను? "మీరు ఒక్కచోట కుదురుగా కూర్చోలేరు" అని ముప్ఫై ఆరేళ్ళుగా అంటోంది. ఆ మాటకు నేనే వెళ్ళి సాక్ష్యం ఇవ్వాలా? తర్వాతి సీటు కోసం కౌంటర్‌లో అడుగుతుండగానే ఆవిడ ఫోన్. "ఎక్కారా?" అంది. "ఎక్కాను" అన్నాను. ఇక విమానం ఎక్కినవాడు దిగాలి, దిగినవాడు మ్యూజియం చూడాలి. అలా ఒకదాని వెనక ఒకటి. ఇక్కడేమో చేయడానికి ఏమీ లేదు. ఐసు మిషన్ బాగుచేశాను. బట్టలారబెట్టే మిషన్ బాగుచేశాను. ఇంకో వారం ఉండమని మేనేజరు బతిమాలుతున్నాడు.

నీమీద నాకు కోపం లేదు. నేను చూడని ఊరు నువ్వు చూడకుండానే చూపించావు. నిన్ను యాభై ఏళ్ళ పెద్దావిడ అనుకున్నాను, అది ఒక్కటే సర్దుకోవాలి.

ఇప్పుడు నా కంగారు ఇంకొకటి. శుక్రవారం నుంచి సరోజన ఫోన్ ఎత్తలేదు. "పెళ్ళి జాకెట్ల తొందర, తర్వాత మాట్లాడతా" అని మెసేజ్ మాత్రం పెట్టింది. ఇవాళ తనే చేసింది.

"ఇప్పుడెక్కడున్నారు?" అంది.

నా ఎదురుగా కిటికీలో టైర్ల దుకాణం ఉంది. "గుండీల మ్యూజియం ముందు. మళ్ళీ చూద్దామని వచ్చాను" అన్నాను.

"సరిగ్గా ముందేనా?"

"సరిగ్గా ముందే. పద్నాలుగో నంబరు బోర్డు కనిపిస్తోంది."

"బోర్డు ఏం రంగు?"

"ఆకుపచ్చ."

వెనక మిషన్ చప్పుడు లేదు. ఏవో గంటలు మోగుతున్నాయి. "ఏమిటా గంటలు?" అంటే "టీవీ" అంది. "సరే, నిదానంగా చూసి రండి" అని పెట్టేసింది. ఆవిడ నాతో "నిదానంగా" అన్న మాట ఎప్పుడూ అనలేదు. ఒంట్లో బాగాలేదేమో అని దిగులుగా ఉంది.

ఏం చేయమంటావో రాయి.

నీ శ్రేయోభిలాషి,
కాశీవిశ్వనాథం

తా.క.: వీడియో కాల్ ఎందుకు చేయరని అడిగితే, మ్యూజియంలున్న ఊళ్ళో కెమెరాలు నిషేధమని చెప్పాను. నమ్మింది.

*

ఎటోబికో,
మే 12, సోమవారం.

అంకుల్‌కు నమస్కారాలు.

మీరు రాసిన టైర్ల దుకాణం మేడ మీదే మా ఆఫీసు. మీ ఉత్తరం చదివి కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాను. రోడ్డుకు అవతల మోటెల్, రెండో అంతస్తులో ఒక పెద్దమనిషి ఆ కొస నుంచి ఈ కొసకు నడుస్తున్నారు. వారం రోజులుగా ఎదురెదురుగా కూర్చుని వియన్నా గురించి ఉత్తరాలు రాసుకున్నాం. కాదు, నేను కూర్చుని, మీరు నడుస్తూ.

నేను ఇక ఆగలేక మల్లికార్జున్ గారి గదిలోకి వెళ్ళి అంతా చెప్పేశాను. రెజ్యూమే, గుండీలు, మీరు, అన్నీ. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన లేచి తలుపు వేశారు.

"నేను మాత్రం పోయిన్నా బిడ్డా వియన్నాకు?" అన్నారు.

ఆయన కుర్చీ వెనక గోడ మీద పెద్ద ఫొటో ఉంటుంది. రాజభవనం మెట్ల మీద సూటు వేసుకుని నిలబడ్డది. దాన్ని చూపించాను.

"గది వియన్నా గాదు. గీ పక్కనున్న మిస్సిసాగాల పెండ్లి హాలు. మా మేనకోడలు పెండ్లికి దిగిన ఫొటో. ఎవ్వలికన్న చెప్పినవంటే నీ సంగతి జూస్త" అన్నారు. తర్వాత కాసేపు తల పట్టుకుని కూర్చున్నారు. "గా పెద్దాయన ఇంట్ల మాట తేలాలె. ఆయనా ఆయన భార్యా సంతోషంగున్నరని రాతల ఉండాలె. అప్పుడే నీ లెటర్ మీద సంతకం" అన్నారు.

నా లెటర్ సంగతి అలా ఉంచండి అంకుల్. ఆంటీకి ఇవాళే ఫోన్ చేసి నిజం చెప్పండి. నేను చెప్పేశాక ఎంత తేలికైందో! మధ్యాహ్నం కుర్చీలో కూర్చుని మొత్తం టిఫిన్ బాక్సు తిన్నాను.

మీ,
సాత్విక

తా.క.: కిందికి దిగి టైర్ల దుకాణం వాళ్ళకు సలహాలు చెబుతున్నారని విన్నాను. వాళ్ళు మిమ్మల్ని మా ఆఫీసు మనిషి అనుకుంటున్నారు. దయచేసి మానేయండి.

*

ఎటోబికో,
మే 13, మంగళవారం పొద్దున.

అమ్మాయి సాత్వికకు,

నువ్వు చెప్పిందే న్యాయం. కానీ ఫోన్‌లో చెప్పను. ఎదురుగా నిలబడి చెప్పాలి, తిట్టినా ఎదురుగానే తినాలి. రేపు పొద్దున బస్సుకి కేంబ్రిడ్జ్ వెళ్తున్నాను. తిరుగు టికెట్ గురువారానికి ఉంది, అందాకా ఆగడం నావల్ల కాదు.

రాత్రంతా ఒకటే ఆలోచన. అబద్ధం చెప్పినందుకు తిడుతుంది, అది ఎలాగూ తప్పదు. కానీ గుండీల మ్యూజియం లేదని చెప్పాలి కదా. మిషన్ ఆపి విన్న మనిషికి ఆ మాట ఎలా చెప్పను? అదొక్కటే నోరు రావడం లేదు.

వెళ్ళేముందు ఒకసారి మీ ఆఫీసు మెట్లెక్కి నిన్ను చూసి వెళ్తాను.

కాశీవిశ్వనాథం

తా.క.: టైర్ల దుకాణంలో వాళ్ళ గాలి మిషన్ పీడనం తప్పు చూపిస్తోంది. ఇదొక్కటి చెప్పి మానేస్తాను.

*

వియన్నా,
మే 13, మంగళవారం.

చిరంజీవి సాత్వికకు,

కేంబ్రిడ్జ్ సరోజన ఆంటీ వియన్నా నుంచి రాస్తున్నది. ఈసారి ఊరి పేరు నిజమే అమ్మాయ్. అనుమానముంటే హోటల్ వాళ్ళను అడుగు. మా ఆయన రాని గదే నాకు ఇచ్చారు.

ఆయన్ని పంపించింది నేనే. ఇల్లు ప్రశాంతంగా ఉంటుందనుకున్నాను. రెండు రోజులు ఉంది. మూడో రోజుకు నా మిషన్ చప్పుడు నాకే విసుగొచ్చింది. అప్పుడు ఆయన గుండీల సంగతి చెప్పారు. ఆ రాత్రి పడుకుంటే ఆ కోటే కళ్ళముందు. పొద్దున లేచి, పెళ్ళివాళ్ళకు జాకెట్లు వచ్చేవారం ఇస్తానని చెప్పి, టికెట్ కొనుక్కుని శుక్రవారం ఎక్కేశాను. ఒంటరిగా విమానం ఎక్కడం అరవై ఒక్క ఏళ్ళలో ఇదే మొదలు. వెళ్ళి ఆయన వెనక నిలబడి భుజం తట్టాలనుకున్నాను.

హోటల్లో ఆయన లేరన్నారు. అసలు రాలేదన్నారు. మర్నాడు నువ్వు రాసిన కాగితం పట్టుకుని ఆ సందుకు వెళ్ళాను. పద్నాలుగో నంబరులో చెవిటి మిషన్ల దుకాణం ఉంది. ఆదివారం, మూసి ఉంది. నీలం బోర్డు, దాని మీద పెద్ద చెవి బొమ్మ. ఆ చెవి ముందు నిలబడే ఆయనకు ఫోన్ చేశాను. "గుండీల మ్యూజియం ముందున్నాను" అన్నారు. చర్చి గంటలు మోగుతున్నాయి. ఏమిటవి అంటే టీవీ అన్నాను.

మా ఇద్దరి ఫోన్లూ ఒకే ప్లాన్. ఆయన ఫోన్ ఎక్కడుందో నాకు కనిపిస్తుంది, ఆయనకు తెలియదు. ఇన్నాళ్ళూ చూడలేదు. ఇంట్లో కాళ్ళకడ్డంపడే మనిషిని ఎక్కడున్నాడని ఎవరు వెతుకుతారు? చూస్తే ఎటోబికోలో, మీ ఆఫీసుకు సరిగ్గా ఎదురుగా! ఒక గంటసేపు నిన్ను చాలా మాటలు అనుకున్నాను. క్షమించు. తర్వాత మీ ఆఫీసు పేజీలో నీ ఫొటో చూస్తే మా చెల్లెలి కూతురిలా ఉన్నావు. అప్పుడు నవ్వొచ్చింది. ఎందుకు ఆగిపోయారో నేనడగను. ఎక్కడో ఏదో మిషన్ ఆగి ఉంటుంది, అక్కడ నిలబడిపోయి ఉంటారు.

తిరిగి వచ్చేద్దామని బట్టలు సర్దుకున్నాను. హోటల్ పిల్ల నా ముఖం చూసి, కుట్టుపని చేస్తానని తెలుసుకుని, రాజుల నగలూ వస్త్రాలూ దాచిన మ్యూజియానికి దారి చెప్పింది. నిన్న వెళ్ళాను. అక్కడ ఒక ఎర్రటి పట్టు ఉత్తరీయం ఉందమ్మాయ్. దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ నాటిదట. మధ్యలో ఖర్జూరపు చెట్టు. అటొక సింహం, ఇటొక సింహం, ఒక్కొక్కటి ఒక్కో ఒంటె మీద పడి ఉంది. అంతా బంగారు దారం, అంచులకు ముత్యాలు. అద్దానికి ముక్కు ఆనించి ఆ కుట్టు ఎక్కడ మొదలుపెట్టారో వెతికాను. దొరకలేదు. కుట్టినవాళ్ళ పేర్లు అడిగాను. తెలియదన్నారు. రాజుల పేర్లు మాత్రం చాలా చెప్పారు. రెండు గంటలు నిలబడ్డాను. కాపలా మనిషి కుర్చీ తెచ్చి వేశాడు. నేను కూర్చోలేదు.

ఇప్పుడు నువ్వు చేయాల్సిన పని. గురువారం తిరిగొచ్చే రోజని ఆయన కేంబ్రిడ్జ్ బయల్దేరతారు, ఏదో ఒక మిషన్ చూపించి ఆపు, ఇంటి తాళం చూస్తే గుండె ఆగుతుంది. శుక్రవారం సాయంత్రం విమానానికి సీటు చూసి ఇటు ఎక్కించు. ఎయిర్‌పోర్టుకు నువ్వే వెంట వెళ్ళు. అంతకంటే ముందు మాత్రం పంపకు. బుధ, గురు, శుక్రవారాలు నావి. చూడాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి, ఆయన పక్కనుంటే ప్రతి తలుపు బందూ ఆగి చూడాలి.

మీ ఓనరు రివ్యూ రాయమని మెయిల్ పెడితే ఆయనకు కూడా ఉత్తరం రాశాను. గుండీల మ్యూజియం లేదని ఉన్నదున్నట్టు రాశాను. ఆ అబద్ధం లేకపోతే నేను బేస్‌మెంటు మెట్లు ఎక్కి బయటికి వచ్చేదాన్ని కాదని కూడా రాశాను. మేమిద్దరం సంతోషంగా ఉన్నామని రాస్తే చాలా, ఇంకేమైనా కావాలా, అడిగి చెప్పు.

ఆశీస్సులతో,
సరోజన

తా.క.: నాకు తెలిసిపోయిందని ఆయనకు శుక్రవారం దాకా చెప్పకు. రోజూ ఆయన మధ్యాహ్నం నా సాయంత్రం. ఆయన వియన్నాలో ఉన్నట్టు మాట్లాడతారు, నేను కేంబ్రిడ్జ్‌లో ఉన్నట్టు వింటాను. నిన్న పడవల మ్యూజియం గురించి అరగంట చెప్పారు. ఈ ఊళ్ళో ఎవరిని అడిగినా అలాంటిది లేదంటున్నారు. ఇవాళ నన్ను ఎక్కడికి తీసుకెళ్తారో, ఫోన్ పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను.